సమస్య: పొరను జీల్చువాఁడె పొరను నిలుపు

మోడరేటర్, హన్మకొండ:
ఈ పాదం నిన్న రాత్రి పని మధ్యలో తట్టింది. మా నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ (సర్వర్‌లోని ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా వాడుకునే పద్ధతి) క్లయింట్ కోడ్ శుభ్రం చేస్తున్నాను. అన్ని వెర్షన్లకూ ఉమ్మడిగా ఉండాల్సిన ఫంక్షన్‌లో, సరిగ్గా ఫైల్ మూసే చోట, "వెర్షన్ నాలుగైతే సర్వర్‌కు క్లోజ్ పంపు" అని ఒక ఇఫ్ (షరతు) కనిపించింది. రాసింది నేనే. 1995 నాటి మూడో వెర్షన్‌లో ఓపెన్, క్లోజ్ అనే పిలుపులే లేవు. ఎవరు ఏ ఫైల్ తెరిచారో సర్వర్ గుర్తుపెట్టుకోదు. నాలుగోది గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి మూసినట్టు చెప్పి తీరాలి. కానీ ఆ తేడా అన్నిటికీ ఉమ్మడైన పై పొరకెందుకు? లినక్స్‌లో ఒక్కో వెర్షన్‌కు ఒక్కో ఫంక్షన్ల పట్టిక ఉంటుంది. పై పొర "మూసెయ్" అంటుంది, కింద ఎవరి పద్ధతి వాళ్లది. ఆ ఇఫ్‌ను పీకుతుంటే వచ్చిందీ పాదం. దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి, విషయం మీ ఇష్టం.

కాజీపేట కలం:
మీ విషయమే తీసుకున్నాను.

మూడొ నాల్గొ యనుచు మొదటి పొర యడుగఁ
అడుగు మాటఁ గోసి యడుగుఁ జేర్చి
వారి పనిని వారి వాకిట నుంచియె
పొరను జీల్చువాఁడె పొరను నిలుపు

"వారి వాకిట" ఊరికే వేసింది కాదు. 2012లో లినక్స్ 3.6 వచ్చినప్పుడు రెండు, మూడు, నాలుగు వెర్షన్లను వేర్వేరు మాడ్యూళ్లుగా, అంటే విడి కోడ్ ముక్కలుగా, విడదీశారు.

భద్రకాళి గట్టు:
రెండో పాదంలో రెండు అడుగులు! ప్రశ్న అడగడం ఒకటి, అట్టడుగు ఒకటి. పై నుంచి తీసి కిందికి దించడమంతా ఆ ఒక్క మాటలోనే జరిగిపోయింది. రెండుసార్లు పైకి చదువుకున్నాను అన్నా.

ములుగు రోడ్డు:
యమకం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ "యడుగఁ" ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని మీద అచ్చుతో పాదం మొదలుపెడితే విసంధి, సంధి కలపని దోషం. "నడుగు మాటఁ" అనాలి. పోయిన నెల "వేయి స్తంభ"లో "యి"ని లఘువు చేసినప్పుడూ చెప్పాను, మీరు వినలేదు.

కాజీపేట కలం:
"నడుగు" నిజమే, సవరించుకుంటాను. యతి లోపలి అకారానికి నిలుస్తుంది, గణమూ చెడదు. "యి" మాత్రం లఘువే. వేయి తెలుగు మాట, స్తంభం వేరే మాట. విడివిడిగా పలికితే ఊనిక ఎక్కడిది?

ములుగు రోడ్డు:
విడివిడిగా ఎవరు పలుకుతారు సార్? చౌరస్తాలో ఆటోవాళ్లను వినండి, "వెయ్యిస్తంభాలు" అని ఒక్క ఊపులో అంటారు. "యి" మీద నాలుక ఆగుతుంది.

మోడరేటర్:
ఆ గుడి సంగతి ఆ పాత పూరణ కిందే తేల్చుకోండి, దయచేసి. ములుగు రోడ్డు గారూ, మీ పద్యం?

ములుగు రోడ్డు:
కంటి వైద్యుఁ డిట్లు కత్తితో ముందఱి
పొరను గుండ్రముగను బూని చీల్చి
వెనుక పొరను గాచి వేయును గటకము
పొరను జీల్చువాఁడె పొరను నిలుపు

శుక్లాల ఆపరేషన్‌లో జరిగేది ఇదే. కటకం (లెన్స్) చుట్టూ ఉండే సంచికి ముందు వైపు గుండ్రంగా చీలుస్తారు, మసకబారిన కటకం తీసేస్తారు. వెనుక పొర చిరగకుండా కాపాడి, ఆ సంచిలోనే కొత్త కటకం కూర్చోబెడతారు.

మోడరేటర్:
చీల్చేది ఒక పొర, నిలిపేది ఇంకోటి! నేనూ, కలం గారూ ఒకే పొర అనుకుని ఆలోచించాం. ఈ విరుపు నాకు తట్టలేదు.

కాజీపేట కలం:
భావానికి దండం. అయితే "డిట్లు" ఏం చేస్తోందక్కడ? ఎట్లు? గణం నిండడానికి తెచ్చిన మాట అది. నా ద్రుతం పట్టుకున్నవాళ్లు దీన్ని వదలకూడదు.

ములుగు రోడ్డు:
వదలను. రాత్రంతా అదే గుచ్చుకుంది. రెండు వారాల కింద మా అమ్మకు ఆపరేషన్ అయింది, తలుపు బయట కూర్చున్నది నేనే. ఆ మాటే రాయకుండా దాటేశాను. ఇప్పుడు చూడండి:

కంటి వైద్యుఁ డమ్మ కంటిలో ముందఱి

కాజీపేట కలం:
కత్తి పోయింది, అమ్మ వచ్చింది. ఇక ఒక్క అక్షరం కదపకండి. అమ్మకు ఇప్పుడెట్లుంది?

ములుగు రోడ్డు:
పొద్దున క్యాలెండర్‌లో తిథి తనే చదివింది అన్నా.