అయస్కాంత నానోకణాలు: చేశాక సైజులవారీగా వేరుచేయాలా, మొదటే ఒకే సైజులో చేయాలా?

ఇనుపరజను: బయట కాయిల్‌తో అయస్కాంత క్షేత్రాన్ని అటూఇటూ మారుస్తూ, ట్యూమర్‌ను వేడిచేసి చంపడానికి వాడే ఐరన్ ఆక్సైడ్ కణాల సంగతి. ఇనుప లవణాల నీళ్లలో అమ్మోనియా పోసి చవగ్గా చేసుకుని, తర్వాత సైజులు వేరుచేద్దాం అంటారు మా గైడ్. మీరేమంటారు?

సియోల్‌పక్షం: దండగ. 2004లో సియోల్ నేషనల్ యూనివర్సిటీలో తేగ్వాన్ హ్యోన్ బృందం ఐరన్ ఓలియేట్‌ను 320 డిగ్రీల దగ్గర కాచి, ఒక్క వాయిలో 40 గ్రాములు తీసింది. అన్నీ ఒకే సైజు. ఇంకా జల్లెడ పట్టుకుని కూర్చోవడమెందుకు?

గోదారిగట్టు: అయ్యా, ఆ కణాల ఒంటినిండా ఓలియిక్ ఆసిడ్ అనే నూనెజిడ్డు. నీళ్లలో కలవవు. పైపూత మార్చేటప్పుడు కొన్ని ముద్దకడతాయి, మళ్లీ వేరుచేయక తప్పదు.

సైజు తేడాని తేలిగ్గా తీసుకోకండి. వ్యాసం 10 శాతం పెరిగితే ఘనపరిమాణం 33 శాతం పెరుగుతుంది. కణంలో అయస్కాంత దిశ తిరగబడే సమయం దానితోపాటు ఘాతాంక రీతిలో ఎగబాకుతుంది. అందుకే ఒక కణం బాగా వేడెక్కుతుంటే, రెండు నానోమీటర్లు చిన్నదైన దాని పక్కది ఊరికే కూర్చుంటుంది. ఆ పనికిరాని ఇనుమునూ రోగి ఒళ్లే మోయాలి.

మా దగ్గర స్టీల్ ఉన్ని కుక్కిన గొట్టాన్ని ఎలక్ట్రోమాగ్నెట్ మధ్య పెట్టి ద్రవం వదులుతాం. పెద్దవి ఉన్నికి అంటుకుంటాయి, చిన్నవి గోధుమరంగు నీళ్లతో కిందికి దిగిపోతాయి. కరెంట్ తగ్గించేకొద్దీ మిగతావీ చిన్నవాటి నుంచి వరసగా వదులుతాయి.

సియోల్‌పక్షం: ముద్దకట్టిన పది చిన్నకణాల్ని కూడా మీ గొట్టం ఒక పెద్దకణం కింద లెక్కేస్తుంది కదండీ?

గోదారిగట్టు: లెక్కేస్తుంది. ముద్దలన్నీ చెడ్డవేం కాదు. కాలేయం ఎమ్మారై కోసం వచ్చిన రెసోవిస్ట్ అనే ఐరన్ ఆక్సైడ్ మందునే తర్వాత మాగ్నెటిక్ పార్టికల్ ఇమేజింగ్‌కీ (ఈ కణాల అయస్కాంత సిగ్నల్‌తోనే బొమ్మ తీసే పద్ధతి) వాడారు. అందులో గట్టి సిగ్నల్ ఇచ్చేవి చాలావరకు చిన్న స్ఫటికాల గుంపులే.

ఫార్మాచెల్లి: అన్నయ్యలూ, ఏ సైజు గురించి కొట్లాట? రక్తహీనత మందు ఫెరుమాక్సిటాల్‌లో ఇనుప గింజ 7 నానోమీటర్ల దగ్గర, పూతతో కలిపితే 30 దాకా. వేడికి గింజ ముఖ్యం. రక్తంలో ఎంతసేపు తిరుగుతుందన్నదానికి పూతతో కలిపిన సైజు ముఖ్యం. డీఎల్ఎస్ (ద్రవంలో కణాల మీద పడి చెదిరే కాంతినిబట్టి సైజు చెప్పే పరీక్ష) రిపోర్ట్ చూసి టెన్షన్ పడకండి, మురిసిపోకండి కూడా. కాంతి చెదరడం వ్యాసం ఆరో ఘాతంతో పెరుగుతుంది, నాలుగు ముద్దలుంటే చాలు, చిన్నవన్నీ మరుగునపడతాయి.

ఇనుపరజను: మాది సూదితో నేరుగా ట్యూమర్‌లోకే.

ఫార్మాచెల్లి: అయితే ముందు గింజ సైజే చూడండి. మీ కాయిల్ ఫ్రీక్వెన్సీ ఎంత? అది చెప్పకుండా 12 నానోమీటర్లు కావాలో 18 కావాలో ఎవరూ తేల్చలేరు.