పసుపు కొర్రమీను గాలానికి పడితే వదలాలా, వండుకోవాలా?

పర్లాకిమిడి నుంచి:
ఆదివారం మా ఊరి చెరువులో మా బావమరిది గాలానికి కొర్రమీను పడింది. కిలోకి కాస్త తక్కువ. ఒంటికి పసుపు రాసినట్టుంది, వీపు మీద నల్ల చారలే లేవు. కళ్లు మాత్రం మామూలు నలుపే. పొలాల మందులు చెరువులో కలిసి ఇలా అయిందని, తినొద్దని పెద్దవాళ్లంటున్నారు. ప్రస్తుతానికి తొట్టిలో ఉంచాం. ఏం చేయమంటారు?

గుణుపురం నుంచి:
పెద్దలు చెప్పిందే నిజం అన్నా. వానలకి వంశధార బురదగా పారేటప్పుడు మా దగ్గరా పాలిపోయిన చేపలే పడతాయి. అంతా నీళ్ల దోషం.

రాయగడ నుంచి:
ఆ రెండూ ఒకటి కాదండీ. బురద నీళ్లలో పాలిపోవడం, నాచు పట్టిన చెరువులో నల్లబడడం కొర్రమీను సహజ గుణం. చర్మంలోని కణాల్లో నల్లరంగు రేణువులుంటాయి. అవి పరుచుకుంటే చేప నల్లబడుతుంది, ఒకచోటికి ముడుచుకుంటే రంగు తేలిపోతుంది. నల్ల బకెట్లో నీళ్లు పోసి, వెలుతురు ఉన్నచోట రెండు మూడు గంటలు ఉంచి చూడండి. పైన వల కప్పండి, లేకపోతే దూకేస్తుంది. రంగు ముదిరితే అది నీటి ప్రభావమే. మారకపోతే పుట్టుకతో వచ్చిందనుకోవచ్చు: నలుపు సరిగా తయారుకాక అడుగున ఉన్న పసుపు బయటపడిందన్నమాట. కళ్లు నల్లగా ఉన్నాయి కాబట్టి పూర్తి అల్బినో (ఒంట్లో నలుపే తయారుకానిది) కూడా కాదు.

మందుల వల్లే అయితే ఆ చెరువులో మిగతా చేపలు నల్లగా ఎందుకున్నాయి? అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రపు చేపపిల్లల కేంద్రంలో 1955లో రెయిన్‌బో ట్రౌట్ అనే రకం చేప ఒక్కటి పసుపు మచ్చలతో కనబడింది. దాని సంతతినే పెంచి 1963లో బంగారు ట్రౌట్లుగా జనం గాలాలకి వదిలారు. అదీ పుట్టుకతో వచ్చిన రంగే.

భయపడాల్సింది ఎర్ర మచ్చలకి. 1988లో మన దేశంలోకి వచ్చిన పుండ్ల తెగులు కొర్రమీనుని గట్టిగా దెబ్బతీసింది. తడిమినప్పుడు పొలుసు ఊడి పచ్చి మాంసం తగిలితే అది రంగు కాదు, రోగం.

నన్నడిగితే వదిలేయండి.

కాశీనగర్ నుంచి:
వదిలితే ఏం లాభం? అంత మెరిసే చేపని కొంగ వదులుతుందా? పైగా ఆ గుణం దాని తోబుట్టువుల్లోనూ దాగి ఉండొచ్చు, ఒక్కటి పోతే వంశం పోదు. చేపల మీద బతికేవాళ్లకి కొర్రమీను అంటే ఇంటి ఖర్చు. వాళ్లకి ఈ నీతి చెప్పకండి.

రాయగడ నుంచి:
వల వేసి బతికేవాళ్లని నేను తప్పుపట్టను. ఇక్కడ అడిగింది సరదాకి గాలం వేసినవాళ్లు. కొంగ గండం ముఖ్యంగా వేలెడంత పిల్లగా ఉన్నప్పుడే. కిలో దగ్గరకి వచ్చిందంటే అది దాటేసినట్టే. వానాకాలంలో నారింజ రంగు పిల్లల గుంపు గాలి కోసం పైకి వచ్చినప్పుడు నీళ్లు ఉడికినట్టు బుడబుడలాడతాయి, కింద తల్లిదండ్రులు కాపలా తిరుగుతుంటాయి. మీరూ చూసే ఉంటారు. ఆ జంటలో ఒకదాన్ని తీసేస్తే ఆ పిల్లలకి దిక్కెవరు? పసుపుదైనా నల్లదైనా నా బాధ అదే.

పర్లాకిమిడి నుంచి:
బకెట్లో మూడు గంటలు ఉంచాం, రంగు మారలేదు. ఒంటి మీద పుండు కూడా లేదు. సాయంత్రం పట్టిన చోటే తామరాకుల పక్కన వదిలాం. కాసేపు ఆకుల నీడలో పసుపుగా కనబడి లోపలికి వెళ్లిపోయింది.