బాస్ గిటార్ వచ్చినవాళ్లు మామూలు గిటార్‌ని మొదటి పాఠం నుంచి నేర్చుకోవాలా?

మంద్రస్థాయి:
పన్నెండేళ్లుగా బాస్ గిటార్ (మంద్రంగా మోగే నాలుగు తీగలది) వాయిస్తున్నాను. పాటలు కట్టుకోవడానికి వీలుగా ఉంటుందని ఈ మధ్య ఒక అకూస్టిక్ గిటార్ కొన్నాను. నేర్పే ఆయన, "బాస్ వచ్చినా సరే, మొదటి పాఠం నుంచే మొదలుపెట్టాలి, ఆరు నెలలు ఓపెన్ కార్డ్స్ తప్ప ఇంకేం వద్దు" అన్నారు. (కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాలు, ఓపెన్ అంటే తీగను నొక్కకుండా మోగించడం.) ఏ స్వరం ఎక్కడుందో, ఏ కార్డ్‌లో ఏమేం ఉంటాయో నాకు తెలుసు. మళ్లీ ఓనమాలు దిద్దాలా? ఈ దారిలో వెళ్లినవాళ్లు చెప్పండి.

ఆరుతీగలు:
అవసరం లేదండీ. గిటార్‌లో లావు తీగలు నాలుగూ (ఇ, ఎ, డి, జి) మీ బాస్‌లో ఉన్నవే, ఒక స్థాయి పైన. బాస్ ఓపెన్ ఇ సుమారు 41 హెర్ట్జ్ అయితే గిటార్‌ది 82. కొత్తవాళ్లు నెలల తరబడి అవస్థ పడేది లయ దగ్గర, అది మీకు ఎప్పుడో పట్టుబడింది. పవర్ కార్డ్ అంటే రూట్ (మూల స్వరం), ఫిఫ్త్ (దాని నుంచి ఐదోది), ఆక్టేవ్ (అదే స్వరం పై స్థాయిలో). మీ వేళ్లకు అలవాటైన ఆకారమే, మూడూ ఒకేసారి మోగించాలి, అంతే. వారంలో పాట వాయిస్తారు.

నెమ్మదిగా:
నేను ఒప్పుకోను. తొమ్మిదేళ్ల బాస్ తర్వాత గిటార్ పట్టాను. "వారంలో పాట" అని నాకూ ఒకరు చెప్పారు, ఆ మాట పట్టుకుని ఏడాది పోగొట్టుకున్నాను. పవర్ కార్డ్స్‌తో పాటలు లాగించేసేవాణ్ణి, మామూలు సి కార్డ్ పట్టుకుంటే మాత్రం మూడు తీగలే పలికేవి. బాస్‌లో పక్క తీగ మోగకుండా వేళ్లను వాల్చి అణచిపెట్టడం మనకు మంచి అలవాటు. గిటార్ కార్డ్‌లో అదే చెడ్డ అలవాటు. వేలిని కొస మీద నిలబెట్టాలి.

ఇంకోటి బలం. మామూలు బాస్‌లో మోగే తీగ పొడవే 34 అంగుళాలు, పైగా లావు. దానికి అలవాటుపడిన పట్టుతో సన్న తీగను నొక్కితే స్వరం పైకి జారి శ్రుతి తప్పుతుంది. ట్యూనింగ్ నిలవట్లేదని నేను రెండుసార్లు తీగలు మార్చాను. తీరా చూస్తే లోపం తీగల్లో లేదు, గిటార్ మెడ వెనక నా బొటనవేలు నొక్కే నొక్కుడులో ఉంది. మీ టీచర్ చెప్పినట్టే చేయండి.

ఆరుతీగలు:
వేళ్ల సంగతి నిజమే, నేను తేలిగ్గా చెప్పేశాను. కానీ దానికి ఆరు నెలలా? వాద్యం మారినవాళ్లు ఎంతమంది లేరు? బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ 1961లో గిటార్ నుంచి బాస్‌కి వచ్చినవారే కదా.

నెమ్మదిగా:
అది అటు నుంచి ఇటు రావడం. అలా వచ్చేవాళ్లు కార్డులు పక్కన పెట్టి ఒక్కో స్వరం మీద శ్రద్ధ పెడతారు. మనం ఒక్క స్వరం నుంచి ఆరు తీగలకు వెళ్తున్నాం. రెండూ ఒకటి కాదు.

బితీగ:
ఇద్దరూ బి తీగ (జి తర్వాతిది) మాటే ఎత్తలేదు! జి నుంచి బికి దూరం మేజర్ థర్డ్ (నాలుగు ఫ్రెట్లు, అంటే మెడ మీది మెట్లు), మిగతావన్నీ ఫోర్త్‌లు (ఐదు ఫ్రెట్లు). బాస్ లెక్క అక్కడ తప్పుతుంది. ఆక్టేవ్ కావాలంటే బాస్‌లో అవతలి రెండో తీగ మీద రెండు ఫ్రెట్లు ముందుకు. గిటార్‌లో డి నుంచి బికి వెళ్తే మూడు ఫ్రెట్లు. ఇది తెలిసి కూడా చాలా రోజులు నా వేలు రెండు దగ్గరే ఆగిపోయేది.

అందుకే నా సలహా వేరు. ముందు సన్న తీగలు మూడింటి మీద ట్రయాడ్స్ (మూడు స్వరాల కార్డులు) పట్టండి. జి మీద 5వ ఫ్రెట్, బి మీద 5, సన్న ఇ మీద 3. ఇది సి మేజర్. బి మీది స్వరాన్ని ఒక్క ఫ్రెట్ వెనక్కి, 4కి తెస్తే సి మైనర్. బాస్‌లో మనం ఎక్కువగా రూట్, ఫిఫ్త్ పట్టుకుని ఉంటాం, మేజరా మైనరా అన్నది గిటారో కీబోర్డో తేలుస్తుంది. అది తేల్చే స్వరం, అంటే థర్డ్, నా చేతిలోకి వచ్చిన రోజు గంటసేపు ఆ రెండే మార్చి మార్చి వాయించాను.

కుడిచెయ్యి మాత్రం అచ్చంగా కొత్తగానే నేర్చుకోవాలి. బాస్‌లో స్వరం ఉన్నచోటే వేలు కదులుతుంది. స్ట్రమ్మింగ్‌లో (తీగలన్నీ కలిపి మీటడంలో) తీగకు తగలని దెబ్బకి కూడా చెయ్యి కిందికీ పైకీ ఊగుతూనే ఉండాలి. ఆగిందా, లయ తెగుతుంది. పన్నెండేళ్ల అనుభవం ఇక్కడ అడ్డం కూడా పడుతుంది.

మంద్రస్థాయి:
రాత్రి 5, 5, 3 పట్టి చూశాను. సన్న ఇ పలకలేదు. బి మీద పెట్టిన చిటికెన వేలు వాలి దానికి ఆనుకుంది. నెమ్మదిగా గారు చెప్పింది ఇదేనని అప్పుడు అర్థమైంది. వేలు నిలబెట్టగానే మోగింది. టీచర్ దగ్గరికి వెళ్తాను. స్వరాల పాఠాలు వద్దు, చేతులకు మాత్రం మొదటి నుంచి నేర్పమని అడుగుతాను. ఒక్క డౌట్: ఆ రెండు 5లనీ ఒకే వేలితో అడ్డంగా నొక్కేయొచ్చా?

బితీగ:
వద్దండీ. జి మీద ఉంగరపు వేలు, బి మీద చిటికెన వేలు, ఇ మీద చూపుడు వేలు. అప్పుడు మధ్యవేలు ఖాళీగా ఉంటుంది. చిటికెన వేలు ఎత్తి, మధ్యవేలు 4 మీద వేస్తే మైనర్.