మిశ్రమ రకం నాన్ లీనియర్ పీడీఈలు (పాక్షిక అవకలన సమీకరణాలు): సొల్యూషన్ ఉందని చూపించడం ఎలా?

నాగావళి_స్కాలర్ (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. పీహెచ్‌డీలో ట్రికోమి ఆపరేటర్ (వై యు ఎక్స్ ఎక్స్ ప్లస్ యు వై వై, ఇక్కడ యు ఎక్స్ ఎక్స్ అంటే ఎక్స్ పరంగా రెండో డెరివేటివ్) మీద సెమీలీనియర్ సమస్య, అంటే డెరివేటివ్‌లు లీనియర్‌గానే ఉండి యు మాత్రం నాన్ లీనియర్‌గా వచ్చేది, చేస్తున్నాను. ఎలిప్టిక్ భాగం (ప్రతి చోటూ చుట్టూ ఉన్న బౌండరీ మొత్తం మీద ఆధారపడే రకం) ఒక దారిలో వస్తోంది, హైపర్బోలిక్ భాగం (అలలా సాగే రకం) ఇంకో దారిలో. రెండూ కలిసే గీత దగ్గర ఆగిపోతున్నాను. మీరు ఏ ఎస్టిమేట్‌తో (సొల్యూషన్ సైజుకి హద్దు చూపే అసమానత) మొదలుపెట్టారు? బౌండరీలో ఎంత మేర డేటా ఇచ్చారు? ఏ పుస్తకం చదవాలి? సినాప్సిస్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

కోట_జంక్షన్ (విజయనగరం):
పుస్తకం సంగతి తర్వాత. మనవాళ్లకి ఎమ్మెస్సీలో ఈ సబ్జెక్టు, గుర్తును బట్టి సమీకరణం ఏ రకమో చెప్పే బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ దగ్గరే అయిపోతుంది. నెట్ కోచింగ్‌లో గుర్తు చూసి ఆప్షన్ పెట్టడమే. ట్రికోమి 1923లో రాసిన సమీకరణంలో వై పాజిటివ్ అయితే ఎలిప్టిక్, నెగటివ్ అయితే హైపర్బోలిక్. గీత ఎక్కడుందో ముందే తెలుసు. ధ్వని వేగం దగ్గరి (ట్రాన్సోనిక్) గాలి ప్రవాహంలో ఆ గుర్తు సొల్యూషన్ చేతిలోనే ఉంటుంది. ఏ చోటు ఏ రకమో లెక్క తేలాకే తెలుస్తుంది. ఈ ముక్క క్లాసులో ఒక్కసారీ వినకుండానే పిల్లలు రీసెర్చికి వస్తున్నారు. నాకు బాధగా ఉంది.

వంశధార_ఇంజనీరు:
హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ చూడండి మాస్టారూ. గేటు కింద నుంచి నీరు అద్దంలా పల్చగా, వడిగా జారుతుంది. కాస్త దూరం పోయాక ఒక్కసారిగా పైకి లేచి తెల్లగా సుడులు తిరుగుతుంది. లేవకముందు ఫ్రౌడ్ సంఖ్య (నీటి వేగానికీ, నీటి మీద అల వేగానికీ నిష్పత్తి) 1 పైన, లేచాక 1 కింద. నిలకడ ప్రవాహపు సమీకరణాలు ఒక పక్క హైపర్బోలిక్, ఇంకో పక్క ఎలిప్టిక్. సొల్యూషన్ ఉందా అని అడగక్కర్లేదు, కళ్ల ముందే ఉంది.

ట్రాన్సోనిక్_మాస్టారు:
కళ్ల ముందు నీరుంటే సమీకరణానికి సొల్యూషన్ ఉన్నట్టు కాదు. ఇరవై ఏళ్లుగా ఇదే నా పని కాబట్టి గట్టిగా చెబుతున్నాను. గణితవేత్త కాథ్లీన్ మోరావెట్జ్ 1956 నుంచి 1958 వరకు రాసిన పేపర్లు చదవండి. రెక్క ఆకారం చుట్టూ నునుపైన ట్రాన్సోనిక్ ప్రవాహం ఉన్నా, ధ్వనిని మించిన భాగంలో ఆ ఆకారాన్ని రవ్వంత మారిస్తే చాలు, నునుపైన సొల్యూషన్ మాయం. షాక్ (వేగం, ఒత్తిడి ఒక్కసారిగా మారే చోటు) రావాల్సిందే. అంటే ఏ తరగతి సొల్యూషన్ కావాలో ముందు చెప్పాలి.

వంశధార_ఇంజనీరు:
నేను చెప్పిందీ అదే కదా! ఆ నీటి ఎగుడే షాక్.

ట్రాన్సోనిక్_మాస్టారు:
కాదండీ. లోతు తక్కువ నీటికీ, గామా (విశిష్టోష్ణాల నిష్పత్తి) 2 ఉన్న వాయువుకీ పోలిక నునుపుగా ఉన్నంతవరకే. దూకే చోట నీరు యాంత్రిక శక్తి పోగొట్టుకుంటుంది. వాయువు షాక్‌లో మొత్తం శక్తి నిలుస్తుంది, ఎంట్రోపీ పెరుగుతుంది. రెండూ ఒకటే అని పిల్లవాడికి చెప్పకండి.

వంశధార_ఇంజనీరు:
గేట్ల దగ్గర నిలబడి కొలిచినవాడిని నేను. మీరు కాగితం మీద కొట్టేస్తే ఎలా?

అరసవల్లి_మ్యాథ్స్:
ఇద్దరూ కాస్త ఆగండి. తమ్ముడు బౌండరీ గురించి అడిగాడు. ఎవరూ పట్టించుకోలేదు. నా గైడు చుట్టూ మొత్తం డిరిక్లే డేటా (బౌండరీ మీద యు విలువలు) పెట్టమన్నారు. రెండేళ్లు పోయాయి. ట్రికోమి సమస్యలో ఎలిప్టిక్ వైపు వంపు మీద, ఒక్క క్యారక్టరిస్టిక్ (హైపర్బోలిక్ వైపు అలలు సాగే గీత) మీద మాత్రమే డేటా ఇవ్వాలి. రెండో దాని మీద విలువ తనంతట తానే తేలిపోతుంది. అక్కడ కూడా మనమే ఇస్తే డేటా ఎక్కువైపోతుంది.

కోట_జంక్షన్:
మొత్తం బౌండరీ మీద ఇవ్వకూడదని ఎవరన్నారు? లూపో, మోరావెట్జ్, పేన్ 2007లో సరిగ్గా అదే చేశారు.

అరసవల్లి_మ్యాథ్స్:
వాళ్లు చేసింది వీక్ సొల్యూషన్ (నునుపు అక్కర్లేకుండా, ఇంటిగ్రల్ అర్థంలో సమీకరణానికి సరిపోయేది), వెయిట్ ఉన్న ఫంక్షన్ స్పేసుల్లో, డొమైన్ ఆకారం మీద షరతులతో. మా గైడు అడిగింది నునుపైన సొల్యూషన్. ఆ తేడా చెప్పకుండా పేరు విసిరేయడం అన్యాయం. రెండేళ్లు పోగొట్టుకున్నదాన్ని చెబుతున్నాను.

ట్రాన్సోనిక్_మాస్టారు:
ఆవిడ మాట కరెక్టు. తమ్ముడూ, ఎస్టిమేట్ కోసం ఏబీసీ పద్ధతితో మొదలుపెట్టు. సమీకరణాన్ని ఏ యు ప్లస్ బీ యు ఎక్స్ ప్లస్ సీ యు వై తో గుణించి ఇంటిగ్రేట్ చెయ్యి. గీతకి రెండు పక్కలా, బౌండరీ మీదా గుర్తులు నిలిచేలా ఏ, బీ, సీ ఎంచుకోవడమే అసలు శ్రమ. అడ్జాయింట్ సమస్యకి (ఇంటిగ్రేట్ చేసి డెరివేటివ్‌లను రెండో ఫంక్షన్ మీదకి మారిస్తే వచ్చేది) ఎస్టిమేట్ దొరికితే లీనియర్ భాగానికి వీక్ సొల్యూషన్ వస్తుంది. అది ఒకటే అని చూపడం వేరే పని. సిమెట్రిక్ పాజిటివ్ సమీకరణాల మీద ఫ్రీడ్రిక్స్ 1958 సిద్ధాంతం కూడా చూడు.

నాగావళి_స్కాలర్:
థాంక్స్ సర్. నా నాన్ లీనియర్ టర్మ్ యు కి ఒక ఘాతం (పవర్). ఘాతం ఎంతైనా పరవాలేదా?

ట్రాన్సోనిక్_మాస్టారు:
పరవాలేదు అనుకోవద్దు. ట్రికోమి సమస్యలో ఘాతం 9 దాటితే, నక్షత్రాకార డొమైన్‌లో, సున్నా డేటాకి సున్నా తప్ప వేరే నునుపైన సొల్యూషన్ ఉండదని లూపో, పేన్ చూపించారు. పోహోజాయెవ్ ఐడెంటిటీ (సమీకరణాన్ని స్కేలింగ్‌కి తగిన గుణకంతో గుణించి ఇంటిగ్రేట్ చేస్తే వచ్చేది) నుంచి వస్తుంది. నీ ఘాతం ఎంత?

వంశధార_ఇంజనీరు:
ఎవరైనా బ్యారేజీకి వస్తానంటే నేనే దగ్గరుండి చూపిస్తాను.

అరసవల్లి_మ్యాథ్స్:
పుస్తకం అడిగావు కదా, ట్రాన్సోనిక్ ప్రవాహాల గణితం మీద 1958లో వచ్చిన లిప్మన్ బెర్స్ పుస్తకం నా దగ్గర జిరాక్స్ ఉంది. ఏడు రోడ్ల జంక్షన్ వైపు వస్తే ఇస్తాను. నీ డొమైన్ బొమ్మ కూడా పట్టుకురా, ఏ ముక్క మీద డేటా పెట్టావో చూద్దాం.

నాగావళి_స్కాలర్:
ఘాతం 3 సర్. మేడమ్, రేపు సాయంత్రం వస్తాను.