"చారైః పశ్యంతి": చారా, చరా? సోవా ఆడుతుంటే పట్టుకున్న శ్లోకపాదం

బాణసంధానం:
వాలరెంట్ అనే తుపాకీ ఆటలో సోవా అనే విలుకాడి పాత్రను పట్టుదలగా నేర్చుకుంటున్నాను. అసెంట్ మ్యాప్‌లో ఏ-మెయిన్ వైపు నుంచి రీకన్ బాణం (శత్రువుల జాడ చూపే బాణం) వేసినప్పుడల్లా ఉద్యోగపర్వంలో విదురుడి శ్లోకం నోట్లో ఆడుతోంది.

గంధేన గావః పశ్యంతి వేదైః పశ్యంతి బ్రాహ్మణాః
... పశ్యంతి రాజానశ్చక్షుర్భ్యామితరే జనాః

ఆవులు వాసనతో, బ్రాహ్మణులు వేదాలతో, రాజులు వేగులతో, మిగతా జనం కళ్ళతో చూస్తారని భావం. మూడో పాదం మొదటి మాట దగ్గర ఆగిపోతున్నాను. మా తాతగారు "చరైః" అని చదివేవారని చెవిలో ఉంది. ప్రవచనాల్లో "చారైః" అని వింటున్నాను. మా ఐదుగురి జట్టుకు ఈ పాదంలోంచే పేరు తీద్దామనుకుంటున్నాం కాబట్టి ఆ అక్షరం తేలాలి. ఇంకో సందేహం కూడా ఉంది. ఈ పాదంలో చూస్తున్నది రాజా, చారుడా? సోవా పట్టినవాడికి ఇది ఉత్త వ్యాకరణ ప్రశ్న కాదు.

లఘుగురువు:
చారైః. అయితే ఛందస్సు చూపించి ఒప్పించలేను. అనుష్టుప్పులో పాదం మొదటి అక్షరం లఘువైనా గురువైనా చెల్లుతుంది, "చరైః పశ్యంతి రాజానః" అన్నా గణం ఎక్కడా కుంటుపడదు. అమరకోశంలో వేగుకు పర్యాయపదాలు చెబుతూ అమరసింహుడు రెండు రూపాలూ ఇచ్చాడు: "యథార్హవర్ణః ప్రణిధిరపసర్పశ్చరః స్పశః, చారశ్చ గూఢపురుషశ్చ". తాతగారి పాఠాన్ని తప్పనే హక్కు ఎవరికీ లేదు.

మెతుకుసీమ:
ఆ వరసలో "స్పశ" అన్న మాటను ఊరికే దాటిపోకండి. వేదంలో వరుణుడి చుట్టూ కూర్చునే వేగులు స్పశులే. శిశుపాలవధ కావ్యంలో మాఘుడు ఆ మాటతో ఏం చేశాడో తెలుసు కదా: "శబ్దవిద్యేవ నో భాతి రాజనీతిరపస్పశా". రాజనీతి పక్షాన అప-స్పశా, వేగులు లేనిది. వ్యాకరణ పక్షాన అ-పస్పశా, పతంజలి మహాభాష్యంలోని తొలి ప్రకరణం పస్పశాహ్నికం లేనిది. మధ్యలో ఉన్న ఆ ఒక్క "ప" ఎటు చేరితే అటు అర్థం. మా కొలిచెలమ మల్లినాథుడి వ్యాఖ్య పక్కన పెట్టుకుని చదివితే ఈ రెండు విరుపులూ ఎంత సమానంగా తూగుతాయో తెలుస్తుంది. జట్టుకు "స్పశ" అని పెట్టండి. రెండే అక్షరాలు, చా-చ గొడవే ఉండదు.

వేగుచుక్క:
ఇంత సంస్కృతం ఎందుకండీ? మనకు "వేగు" లేదా? వేగులవాడు, వేగు నడపడం, వేగు తెలియడం. నా నమ్మకం ఏమిటంటే ఈ వేగు, తెల్లవారే వేగు ఒకటే. చీకటుండగానే శత్రువు విడిదికి పోయి, వేకువకు వార్త తెచ్చేవాడు వేగు. ఆటలో రౌండు మొదలవగానే మొదటి బాణం వేసేదీ సోవాయే. ఇంతకంటే తగిన పేరు దొరకదు.

తంజావూరు తెలుగు:
వేగుచుక్క గారూ, ఊహ అందంగానే ఉంది కానీ తమిళం అడ్డుపడుతోంది. అక్కడ గూఢచర్యానికి "వేవు" అంటారు. తెల్లవారడానికి "విడి" ధాతువు, విడియల్. రెండూ ఒకటే అయితే తమిళంలో ఇంత దూరం ఎందుకు జరుగుతాయి? మన వేగు పక్కన ఈ వేవును పెట్టి చూడండి. తెల్లవారడంతో దానికి చుట్టరికం కనిపించదు.

వేగుచుక్క:
తమిళంలో విడిపోయాయని తెలుగులో కలవకూడదా? "వేగుచూపు" అని రెండర్థాలూ వచ్చేలా వాడిన పద్యం కోసం వెతుకుతున్నాను, దొరికితే ఇక్కడే పెడతాను.

కావలి:
అక్షరం సంగతి మాస్టార్లకు వదిలేస్తాను. నేను ఇదే ఆటలో డిఫెన్స్ ఆడతాను, రెండో ప్రశ్న నాది. చూసేది రాజే. రీకన్ బాణం గోడకు గుచ్చుకున్నాక దాని కంటపడిన శత్రువుల ఆకారం జట్టు మొత్తానికి కనిపిస్తుంది. సోవా ఒక్కడికే కనిపిస్తే ఆ బాణం వల్ల ఉపయోగమేమిటి? మిగతా నలుగురూ ఆ క్షణానికి తుపాకీ ఎత్తి, సందు చివర పీక్‌కు (తొంగిచూసి కాల్చడానికి) సిద్ధంగా ఉండాలి. కొత్తగా సోవా పట్టినవాళ్ళు లైనప్‌లు బట్టీ పడతారు: ఎక్కడ నిలబడాలి, పైకప్పు ఏ మూలకు గురి పెట్టాలి, ఎన్ని గీతల దాకా విల్లు లాగాలి, ఒక బౌన్సా రెండా. అది కావాలి, కాదనను. కానీ బాణం పడే వేళకు జట్టు ఎక్కడుందో చూడకుండా వదిలితే అది వార్త మాత్రమే, చూపు కాదు.

ఇంకో మాట. బాణానికి ఎదురుగా, అడ్డం లేకుండా ఉన్నవాడే కనిపిస్తాడు. పెట్టె వెనక నక్కినవాడు కనపడడు. "ఏ-సైట్ (బాంబు పెట్టే చోటు) ఖాళీ" అని జట్టుకు కాల్ (కబురు) ఇచ్చేముందు ఆ బాణం ఏ మూలల్ని చూడలేదో మనసులో లెక్క వేసుకోవాలి. బాణాన్ని ఎవరైనా కాల్చి పగలగొడితే అదీ వార్తే: అక్కడ ఒకడున్నాడు, వాడి తుపాకీ ఈ క్షణం పైకి చూస్తోంది. మంచి జట్టు ఆ క్షణంలోనే దూకుతుంది. నేను సైట్ కాస్తున్నప్పుడు నాకు భయం కలిగించే సోవా, బాణాన్ని నేను కాలుస్తానని తెలిసి వేసేవాడు.

మెతుకుసీమ:
కౌటిల్యుడి మాట ఇక్కడ అతికినట్టుంది: "త్రయాణామేకవాక్యే సంప్రత్యయః". ముగ్గురు వేగుల మాట ఒక్కటైతేనే నమ్మకం.

కావలి:
అదే. బాణం, సోవా ఎగరేసే డ్రోన్, అడుగుల చప్పుడు. మూడూ బీ వైపు చూపిస్తే జట్టును కదిలించొచ్చు. బాణం ఒక్కటే చెబితే ఒకణ్ణి పంపి ఆగుతాం.

లఘుగురువు:
చా-చ దగ్గరికి తిరిగి వస్తాను, ఇప్పుడు గట్టి ఆధారంతో. అరణ్యకాండ 33వ సర్గలో శూర్పణఖ రావణుణ్ణి కడిగిపారేస్తుంది:

యస్మాత్పశ్యంతి దూరస్థాన్ సర్వానర్థాన్నరాధిపాః
చారేణ తస్మాదుచ్యంతే రాజానో దీర్ఘచక్షుషః

దూరాన ఉన్నవాటిని చారుడి ద్వారా చూస్తారు కాబట్టే రాజులు దీర్ఘచక్షువులట. ఇక్కడా పాదం మొదట్లోనే ఉంది కాబట్టి ఛందస్సు సాక్ష్యం చెప్పదు. కానీ ఆ వెంటనే "అయుక్తచారం మన్యే త్వాం" అంటుంది. ఈ పాదంలో అయిదు, ఆరు, ఏడు అక్షరాలు మూడూ గురువులు, అంటే మ-విపుల (అనుష్టుప్పు మామూలు నడకకు మారుగా చెల్లే ఒక రూపం). మ-విపుల రావాలంటే రెండు నుంచి నాలుగు దాకా ర-గణం ఉండి తీరాలి. యుక్తచా: గురువు, లఘువు, గురువు. సరిపోయింది. "అయుక్తచరం" అని చదివి చూడండి, భ-గణమై పాదం కూలిపోతుంది. ఇక్కడ చా దీర్ఘమే, వేరే దారి లేదు.

తంజావూరు తెలుగు:
లెక్క బాగుంది. కానీ అది వాల్మీకి వాడుకను రుజువు చేస్తుంది. విదురుడి నోట ఏముందో అక్కడితో తేలదు కదా.

లఘుగురువు:
రాజనీతిలో కుదురుకున్న పరిభాష చార శబ్దం అనడానికి అది చాలు. చూసేది ఎవరన్న ప్రశ్నకు "చారైః"లోని తృతీయా విభక్తే జవాబు. చూపుకు చారుడు కరణం, కర్త రాజు. కావలి గారు ఆట మైదానంలోంచి చెప్పిందీ అదే. ఈ శ్లోకం విన్నవాడు ఎవరో కూడా తలుచుకోండి. నిద్రపట్టని రాత్రి, ధృతరాష్ట్రుడు. "కళ్ళతో చూసేది ఇతర జనం" అని విదురుడు ఒక గుడ్డి రాజుకు చెబుతున్నాడు. ఆ చక్షుర్భ్యాం దగ్గర నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. కళ్ళు లేకపోవడం నీ లోపం కాదు, చెప్పినవాళ్ళ మాట వినకపోవడం నీ లోపం అని అంత మర్యాదగా ఎవరనగలరు?

సింహపురి:
తిక్కన పేరు ఎవరూ ఎత్తలేదేమిటి? గోగ్రహణంలో అర్జునుడి రథం ఒక్కటే కనిపించగానే వచ్చిన పద్యం, "సింగం బాకటితో గుహాంతరమునం జేట్పాటుమై నుండి". ఆ సమాసాలన్నీ దాటాక వస్తుంది చూడండి: "అస్మత్సేనపై వీఁడె వచ్చెం గుంతీసుత మధ్యముండు". నా దృష్టిలో తెలుగులో ఇంతకు మించిన కాల్ లేదు. వచ్చిందెవడు, ఎవరిమీదికి, ఎలాంటి మనసుతో: అన్నీ చెప్పేశాడు. ఆయన నాటకీయత గురించి పుస్తకాలు రాశారు గానీ, ఈ "వీఁడె" ఒక్కటి చాలు నాకు.

వేగుచుక్క:
"వీఁడె" అంటే "ఇతడే" అనా, "ఇదుగో" అనా?

సింహపురి:
ఇతడే. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన ఆ మనిషే.

తంజావూరు తెలుగు:
"ఇదుగో" అనే నేను చదువుతాను. చేయి చాచి చూపిస్తున్న ఊపు ఉంది అందులో.

కావలి:
రెండూ కావాలి. "ఎవడో వచ్చాడు" అంటే పనికిరాదు, "జెట్ (ఆటలో ఇంకో పాత్ర) వచ్చింది" అన్నా సగమే. "జెట్, జనరేటర్ వెనక" అనాలి.

సింహపురి:
అయితే తిక్కన ఒక్క మాటలో రెండూ ఇమిడ్చాడని ఒప్పుకున్నట్టే.

బాణసంధానం:
అందరికీ నమస్కారాలు. "చారచక్షువులు" వైపు మొగ్గుతున్నాను.

లఘుగురువు:
ఒక్క క్షణం. అది బహువ్రీహి: చారులే కన్నులుగా గలవారు. ఆ పేరు మీ జట్టులో నలుగురికి చెల్లుతుంది, మీకు చెల్లదు. మీరు కన్ను. కన్నుకు మళ్ళీ కన్నుండదు.

కావలి:
మాస్టారూ, డ్రోన్ సంగతి మరిచారు. సోవా అంటే రష్యన్‌లో గుడ్లగూబ, అందుకే దాని పేరు ఔల్ డ్రోన్. అది ఎగిరినంతసేపూ సోవాకు తన చుట్టూ ఏముందో తెలియదు, చేతిలో తుపాకీ ఉండదు, డ్రోన్ చూపించిందే చూస్తాడు. అప్పుడు అతడికీ చారుడే కన్ను. అందుకే డ్రోన్ తీసేముందు గోడ చాటుకు చేరాలి, లేదా పక్కన ఒకణ్ణి కాపలా పెట్టుకోవాలి.

లఘుగురువు:
అలాగైతే ఐదుగురికీ చెల్లుతుంది. సమాసానికి నా అభ్యంతరం లేదు.

మెతుకుసీమ:
నేను మాత్రం "స్పశ" దగ్గరే ఉన్నాను.

వేగుచుక్క:
బాణసంధానం గారూ, తాతగారు చదివిన ప్రతి ఇంట్లో ఉందా? ఉంటే ఆ పుట ఫోటో పెట్టండి. "చరైః" అని అచ్చులో కనిపిస్తే లఘుగురువు గారితో నా వాదన అప్పుడు మొదలుపెడతాను.