పర్సనల్ స్టేట్‌మెంట్ మొదటి పేరా దగ్గరే ఆగిపోయాను, సాయం చేయగలరా?

నమస్కారమండీ. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక పబ్లిక్ హెల్త్‌లో పీజీ కోసం బ్రిటన్ యూనివర్సిటీలకు అప్లై చేస్తున్నాను. మిగతా కాగితాలన్నీ సిద్ధం. ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే పర్సనల్ స్టేట్‌మెంట్ మాత్రం ముందుకు కదలడం లేదు.

రాయడానికి విషయం లేక కాదు. మా ఊరున్న ఉద్దానం ప్రాంతంలో పుట్టినవాళ్లకు కిడ్నీ జబ్బు గురించి ఒకరు చెప్పక్కర్లేదు. మా పెదనాన్న డయాలసిస్ మీదే ఉన్నారు. హిరమండలం నుంచి మంచినీళ్ల పథకం వచ్చింది, 2023లో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, ఆసుపత్రి తెరిచారు. అయినా జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లలో సిలికా అంటారు, పురుగుమందులంటారు, ఎండలో పని అంటారు. ఆ కారణం వెతికే ఎపిడెమియాలజీ నేర్చుకోవాలన్నదే నా కోరిక. తీరా రాయబోతే, పెదనాన్న బాధ చూపించి జాలిపడమని అడుగుతున్నట్టు అనిపిస్తోంది. ఆయన్ని పక్కన పెడితే ఎవరైనా రాయగలిగే రాతలా ఉంటోంది.

ఇంటి విషయం ఎంతవరకు చెప్పొచ్చు? ముందు తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకోవడం మీలో ఎవరికైనా పనిచేసిందా? ఇలాంటి కోర్సులో సీటు తెచ్చుకున్న అక్కలు, అన్నయ్యలు ఎక్కడ మొదలుపెట్టారో చెప్తే చాలా మేలు చేసినవాళ్లవుతారు. డబ్బులిచ్చి కన్సల్టెన్సీతో రాయించుకోవడం నాకిష్టం లేదండీ, ఇది నా మాటల్లోనే ఉండాలి.