సమస్య: ఒకటి తీసివేయ నొంటియయ్యె

నిర్వాహకుడు: నిన్న మా అమ్మాయి ప్రధాన సంఖ్యల హోంవర్కు చేస్తుంటే పక్కన కూర్చున్నాను. పాదం అక్కడే తట్టింది. ఏదైనా పెద్ద ప్రధాన సంఖ్య మీదే పూరించాలి.

గోదారి గట్టు:
రెండుతోడ రెండు రెట్టించి రెట్టించి
నూటయిరువదేడు మాటు లుంచ
భాజకాల మంద బారులు తీరగా
నొకటి తీసివేయ నొంటియయ్యె

2¹²⁷కి 128 భాజకాలు. ఒకటి తీస్తే 39 అంకెల ప్రధాన సంఖ్య! కంప్యూటర్ లేని 1876లో ఫ్రెంచి గణితజ్ఞుడు లూకాస్ తేల్చాడు.

ఓరుగల్లు పిల్ల: అంత మందా ఒక్క దెబ్బకు మాయం! బడిలో కారణాంకాలు అంటాం గానీ ఇక్కడ గణం కుదరదు.

పద్యాల సుబ్బన్న: నూట, మాటు అని ప్రాసయతితో (యతికి బదులు రెండో అక్షరం కలిపి) గట్టెక్కారు. చెల్లుతుంది లెండి. నాది:
మెర్సెనన్న సాధు మేధావి లెక్కలో
నరువదేడు రెండ్ల హారమందు
నెవరు చీల్చి చూడ నెందును చీలక
యొకటి తీసివేయ నొంటియయ్యె

'హారం'లో శ్లేష చూడండి.

గోదారి గట్టు: శ్లేష చాలా బాగుంది సుబ్బన్న గారూ. కానీ 2⁶⁷ − 1 చీలుతుంది. 1644లో ఫ్రెంచి సాధువు మెర్సెన్, 2ⁿ − 1 ప్రధానమయ్యే n ల జాబితాలో 67ని రాసింది తప్పు. 1903లో అమెరికన్ గణితజ్ఞుడు కోల్ 193707721 × 761838257287 అని చీల్చి చూపాడు. చివరి 21ని 87తో గుణిస్తే 1827. మన సంఖ్య 147573952589676412927, చివర అదే 27. మొత్తం గుణకారం నోటుబుక్కులో చేశాను, ఒకటిన్నర పేజీ పట్టింది. "ఎవరు చీల్చి" అన్నారుగా, చీల్చినవాడు ఉన్నాడు.

పద్యాల సుబ్బన్న: మెర్సెన్ 'లెక్కలో' అన్నాను. ఆయన లెక్క అంతే కదా? పోయిన నెల రామానుజన్ టాక్సీ పూరణలో మీరు 1729ని చీలని సంఖ్య అన్నారు. అది 7 × 13 × 19. అప్పుడు నేనేమన్నా అన్నానా?

గోదారి గట్టు: మూడు వ్యాఖ్యలు పెట్టారు. నేను ఆ రోజే దిద్దుకున్నాను. పద్యంలో అంకె తప్పినా గణం తప్పినట్టే.

ఓరుగల్లు పిల్ల: బాబాయిలూ, 'అరువదొకటి' పెడితే? గణం చెడదు, 2⁶¹ − 1 నిజంగానే ప్రధానం.

గోదారి గట్టు: 61 మెర్సెన్ జాబితాలోనే లేదమ్మా, వదిలేశాడు. 1883లో పెర్వుషిన్ అనే రష్యన్ చర్చి పూజారి తేల్చాడు. మొదటి పాదమూ మారాలి.

పద్యాల సుబ్బన్న: రాత్రి కూర్చుని మార్చాను.
పెర్వుషిన్ననంగ పెద్దయ్య లెక్కలో
నరువదొకటి రెండ్ల హారమందు
నెవరు చీల్చి చూడ నెందును చీలక
యొకటి తీసివేయ నొంటియయ్యె

2305843009213693951. పందొమ్మిది అంకెలూ లెక్కపెట్టాను.

గోదారి గట్టు: 'పెర్వు'కు 'పెద్ద' యతి నాకు తట్టేది కాదు. అభినందనలు.

నిర్వాహకుడు: రెండు పూరణలూ పైన ఉంచుతున్నాను. మెర్సెన్ వదిలేసినవాటిలో 89, 107 కూడా ఉన్నాయి. వాటిని ఇక్కడి పూరణల్లో ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.